"అన్నీ కలుస్తాయి సార్" అనే ముందు: నెల్లూరు, ఒంగోలు అక్వేరియం షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

అన్నలారా,

మీ షాపులో ట్యాంకు ముందు నిలబడి కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న రేటు గురించి. రెండోది, "ఇవన్నీ కలుస్తాయా?" అని. రేటు దగ్గరైతే మీరు కాసేపు ఆలోచిస్తారు. రెండోదానికి ఆలోచన ఉండదు. "అన్నీ కలుస్తాయి సార్, ఏం కాదు" అనే మాట కవరుకి రబ్బరు బ్యాండు వేసేలోపే వచ్చేస్తుంది. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

అన్ని చేపల గురించీ రాయడం లేదు. గప్పీలు, ప్లాటీల విషయంలో మీ మాట చాలావరకు చెల్లుతుంది. నా గొడవంతా డ్వార్ఫ్ సిక్లిడ్ల గురించి, అంటే సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని పొట్టి రకాల గురించి. రామ్‌లు, అపిస్టోగ్రామాలు, క్రిబెన్సిస్‌లు ఈ మధ్య మన షాపుల్లోనూ బాగానే కనిపిస్తున్నాయి. చెన్నై కొళత్తూరు వైపు నుంచి వచ్చే సంచుల్లో గోల్డ్‌ఫిష్‌ల పక్కన ఇవి కూడా దిగుతున్నాయంటే నాకు సంతోషమే. రెండు మూడు అంగుళాల చేపకి అంత రంగు, అంత తెలివి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగే అంత ఓపిక ఉండటం చూసినవాళ్లకే తెలుస్తుంది. అద్దె ఇంట్లో, టీవీ పక్కన రెండడుగుల ట్యాంకు పెట్టుకునేవాళ్లకు వీటిని మించిన చేప లేదని నా గట్టి అభిప్రాయం. కాకపోతే వీటిని ఎవరితో పెడుతున్నామన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చేది కొనేవాడు కాదు, మీరే. ఇంటికి వెళ్లాక అతను చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. అప్పటికే కవర్లు విప్పేసి ఉంటాడు.

"షాపులో కలిసే ఉన్నాయి కదా, ఇంట్లో ఎందుకు కొట్టుకుంటాయి?" అని మీరు అంటారు. ఇది నాకు చాలాసార్లు వినిపించిన మాట. మీ ట్యాంకులో ఉన్నవి పిల్ల చేపలు. కింద ఇసుక లేదు, రాయి లేదు, దాక్కునే గూడు లేదు. ముప్ఫై నలభై చేపలు ఒక్కచోట కిక్కిరిసి ఉంటే ఎవరికీ సొంత జాగా ఉండదు, జాగా లేనప్పుడు కాపలా కాయడానికి ఏమీ ఉండదు. పైగా ప్రయాణం బడలికలో, కొత్త నీళ్లలో, జత కట్టే ఓపిక వాటికి లేదు. అవే చేపల్ని తీసుకెళ్లి రాళ్లు, మొక్కలు, కొబ్బరి చిప్ప ఉన్న ట్యాంకులో వదిలితే కొద్ది రోజుల్లోనే కుదురుకుంటాయి. కుదురుకోగానే నేల పంచుకోవడం మొదలవుతుంది. గొడవ అక్కడ పుడుతుంది. మీ దగ్గర ప్రశాంతంగా ఉన్నాయంటే, అవి ఇంకా వాటి అసలు గుణానికి రాలేదని మాత్రమే అర్థం.

ఆ నేల లెక్క ఒకసారి చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్ల చిల్లర. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే చేపకి దక్కేది 45 నుంచి 50 లీటర్లు. మీరు చేపల్ని లీటర్ల లెక్కన అమ్ముతారు. డ్వార్ఫ్ సిక్లిడ్ లీటర్లు చూడదు, నేల చూస్తుంది. రెండడుగులు ఇంటూ ఒక అడుగు, అంతే దాని ప్రపంచం. గుడ్లు పెట్టిన రామ్ జత అందులో సగాన్ని తమదనుకుంటుంది. అపిస్టో ఆడది తన గూటి చుట్టూ ఉన్న జాగాలోకి ఈగను కూడా రానివ్వదు. అలాంటప్పుడు ఆ నేల మీద రెండో సిక్లిడ్ జతకి చోటెక్కడిది? కాబట్టి రెండడుగుల ట్యాంకు అడిగినవాళ్లకు ఒకే జాతి, ఒకే జత అమ్మండి. ట్యాంకులో మిగతా చేపలు పైభాగంలో, మధ్య భాగంలో తిరిగేవై ఉండాలి. కలవడం అంటే నా లెక్కలో ఇదే: ఒకరి అంతస్తులోకి ఇంకొకరు రాకుండా బతకడం.

మూడడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకు కొంచెం వెసులుబాటు ఉంది. ఒక మూల ఇసుక మైదానంలా వదిలి రామ్‌లకు, రెండో మూల కట్టెలు, గూళ్లు, ఎండాకులు పరిచి అపిస్టోలకు ఇచ్చి, మధ్యలో చూపుకి అడ్డంగా ఒక కట్టె పెడితే నడవొచ్చు. నడుస్తుందని హామీ ఇవ్వకండి, నడవొచ్చని చెప్పండి. రెండు రకాల అపిస్టోలను మాత్రం ఎంత పెద్ద ట్యాంకులోనూ కలపొద్దనే చెప్పండి. చాలా రకాల్లో ఆడవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, సంకరం పుడుతుంది, ఆ పిల్లలు మళ్లీ మీ షాపుకే ఏదో పేరుతో వస్తాయి.

ఇక పేర్ల సంగతి. "చిన్న సిక్లిడ్లు" అని ఒకే ట్యాంకులో కలిపి అమ్ముతున్నవాటిలో సగం అసలు చిన్నవే కాదు. రెండంగుళాల ఎలక్ట్రిక్ ఎల్లో అందంగానే ఉంటుంది. అది ఆఫ్రికాలోని మలావి సరస్సు చేప. దానికి గట్టి నీళ్లు, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లు, పీహెచ్ 8 దగ్గర కావాలి. రామ్ పుట్టింది దక్షిణ అమెరికాలో, వెనిజులా, కొలంబియా దేశాల్లోని ఒరినోకో నది మైదానాల్లో. దానికి మెత్తటి నీళ్లు, కొంచెం ఆమ్ల గుణం కావాలి. ఈ రెంటికీ ఇష్టమైన నీళ్లు ఒకే ట్యాంకులో తయారు చేయడం ఎవరి వల్లా కాదు. కాన్విక్ట్ పిల్లలు, ఆస్కార్ పిల్లలు, ఫ్లవర్‌హార్న్ పిల్లలు కూడా అదే ట్యాంకులో చూశాను. ఆస్కార్ అడుగు పొడవు పెరిగే చేప. ఇవాళ అగ్గిపెట్టెంత ఉన్నంత మాత్రాన అది డ్వార్ఫ్ అయిపోదు.

గోల్డ్ రామ్, ఎలక్ట్రిక్ బ్లూ రామ్, బెలూన్ రామ్ అని వేరు వేరు రేట్లు పెడతారు. తప్పేం లేదు, కానీ అవన్నీ ఒకే జాతి అనీ, వాటిలో అవి జత కడతాయనీ, కొట్టుకుంటాయనీ చెప్పండి. "రంగుకొకటి" అని నాలుగు మగవాటిని పట్టుకెళ్లినవాడి ట్యాంకులో నెల తిరిగేసరికి ఒకటే మిగులుతుంది. జత చూసివ్వడం మీకు కష్టమేం కాదు. బ్లూ రామ్‌లో ఆడదానికి పొట్ట దగ్గర గులాబీ రంగు ఉంటుంది, పక్కనున్న నల్ల మచ్చలో నీలి చుక్కలు మెరుస్తాయి. మగదానికి వీపు రెక్క ముందు ముళ్లు పొడవుగా సాగుతాయి. గోల్డ్‌లో, ఎలక్ట్రిక్ బ్లూలో పోల్చడం కొంచెం కష్టం. అందుకే ఆ రంగుల్లో ట్యాంకులో ఇప్పటికే పక్కపక్కనే తిరుగుతూ మిగతావాటిని తరుముతున్న రెంటిని పట్టివ్వడమే మేలు. అపిస్టోలు చాలావరకు ఒక మగదానికి రెండు మూడు ఆడవి అన్న పద్ధతిలో బతుకుతాయి. రెండడుగుల్లో మాత్రం ఒక మగ, ఒక ఆడ చాలు. గుడ్లు పెట్టాక ఆడది పసుపు కొమ్ము రంగుకి తిరిగి మగదాన్నే తరిమేస్తుంది. అప్పుడు కొన్నవాడు మీకు ఫోన్ చేస్తాడు, "ఆడదానికి పిచ్చి పట్టింది" అని. అది రోగం కాదని, మగదానికి దాక్కునే చోటు ఇంకొకటి పెట్టమని చెప్పడానికి మీరు సిద్ధంగా ఉండాలి.

క్రిబెన్సిస్ పశ్చిమ ఆఫ్రికా చేప, నైజీరియా వైపుది. మూడింటిలో మొండిది అదే, మన నీళ్లకి త్వరగా అలవాటు పడేదీ అదే. కానీ మగది నాలుగంగుళాల వరకు పెరుగుతుంది. పిల్లలు పుట్టాయంటే రెండడుగుల ట్యాంకు మొత్తం ఆ జతదే, మిగతా చేపలన్నీ ఒక మూల పైకి నక్కాల్సిందే. దాన్ని మూడడుగుల వాళ్లకే ఇవ్వండి.

పైన తిరిగేవాళ్ల గురించి. రామ్‌కి 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. మన ఊరికి ఇది వరమే, ఏడాదిలో ఎక్కువ నెలలు హీటరు పని ఉండదు. అయితే దానితో పెట్టే చేప కూడా ఆ వేడికి తట్టుకోవాలి. నియాన్ టెట్రా చల్లటి నీళ్ల చేప, 25 దాటితే సుఖపడదు. దాని పోలికలతోనే ఉండే కార్డినల్ టెట్రా వేడిని బాగా తట్టుకుంటుంది, పైగా అది ఒరినోకో, రియో నీగ్రో నీళ్లదే. చూడ్డానికి రెండూ ఒకటే అని నియాన్ అంటగట్టకండి. కార్డినల్‌లో ఎర్ర గీత ఒంటి పొడవునా ఉంటుంది, నియాన్‌లో సగం నుంచే మొదలవుతుంది. రమ్మీనోస్ టెట్రా కూడా మంచి తోడు. ఎనిమిది పది కలిసి తిరిగితే వాటికీ ధైర్యం, సిక్లిడ్‌కీ ధైర్యం. పైన చిన్న చేపలు తాపీగా తిరుగుతుంటే "ప్రమాదం లేదు" అనుకుని కింద సిక్లిడ్ బయటికి వస్తుంది. ఒక్క జతనే ఖాళీ ట్యాంకులో పెడితే రోజంతా రాయి వెనకే ఉంటుంది, కొన్నవాడు చేప కనబడటం లేదని బాధపడతాడు.

టైగర్ బార్బులు, సెర్పే టెట్రాలు వద్దు. రెక్కలు కొరుకుతాయి. ఏంజెల్ వద్దు, అది కూడా సిక్లిడే, పెరిగాక టెట్రాలను మింగుతుంది. గోల్డ్‌ఫిష్ గురించి చెప్పే పనే లేదు. మాలీకి గట్టి నీళ్లు కావాలి కాబట్టి దానికీ దీనికీ పొత్తు కుదరదు.

కొసరుగా ఇచ్చే సక్కర్ దగ్గర మాత్రం ఆగాలి. "పాచి తింటుంది, ట్యాంకు శుభ్రంగా ఉంటుంది" అని రెండంగుళాల పిల్లని వేసిస్తారు. అది అడుగు దాటి పెరుగుతుంది, తిన్నదానికంటే ఎక్కువ మురికి చేస్తుంది, రాత్రిళ్లు సిక్లిడ్ గుడ్లున్న రాయి మీదికి ఎక్కుతుంది. చీకట్లో రామ్ దాన్ని ఆపలేదు. గుడ్లు పోతున్నాయని వచ్చినవాళ్లను నేనడిగే మొదటి ప్రశ్న, ట్యాంకులో సక్కర్ ఉందా అనే. చివరికి పెద్దదయ్యాక దాన్ని ఏ చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు, అది అక్కడ పిల్లలు పెట్టి మన చేపల్ని తరుముతుంది. దెయ్యం చేప అని వలలు చింపుకుని తిట్టుకుంటున్న జాలర్లని అడగండి. పాచికి ఓటోసింక్లస్ అనే చిన్న చేప చాలు, అదీ ట్యాంకు పాతబడ్డాక. కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) పెట్టొచ్చా అంటే, మూడడుగుల్లో పెట్టొచ్చు. రెండడుగుల్లో అవి కూడా నేల మీద తిరిగేవే. సిక్లిడ్ బెదిరింపు కోరీకి అర్థం కాదు, తప్పుకోకుండా మళ్లీ మళ్లీ అదే దారిలో వచ్చి కళ్ల మీద పొడిపించుకుంటుంది.

నీళ్ల దగ్గరకొస్తే, ఇక్కడ నాకు నిజంగా ఆశ్చర్యం వేస్తుంది. మన జిల్లాకి నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద బతికే ఇళ్లెన్ని ఉన్నాయి! పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత, ఆల్కలినిటీ ఎంత అని లుంగీ కట్టుకున్న రైతు గట్టు మీద నిలబడి చెప్పేస్తాడు. హ్యాచరీ నుంచి సీడు, అంటే రొయ్య పిల్లలు, వస్తే సంచిని గుంట నీళ్లలో తేలేసి, వేడి, ఉప్పు సమానం అయ్యేదాకా ఆగి, అప్పుడు వదులుతాడు. అదే రైతు కొడుకు మీ దగ్గర రామ్ జత కొంటే, "ఇంటికెళ్లి కవరు విప్పి పోసేయండి" అని పంపుతున్నారు. ఆ పిల్లాడికి పద్ధతి కొత్త కాదు, మీరొక్కమాట గుర్తు చేస్తే చాలు. నీళ్ల టెస్టుకి ఆక్వా ల్యాబులు ఊరూరా ఉన్నాయి. సీసాలో పట్టుకెళ్తే ట్యాంకు నీళ్లు చూడరా? అడిగిన చోట కాదనలేదు.

జిల్లా మారితే నీళ్లు మారతాయి, ఇది మీరు అమ్మేటప్పుడు అడగాల్సిన ప్రశ్న: "ఏ ఊరు? ఏ నీళ్లు?" నెల్లూరు టౌన్లో కుళాయి నీళ్లంటే క్లోరిన్ విరిచే మందు వేయాలి. సముద్రం వైపు ఊళ్ల బోర్లలో ఉప్పు తగులుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఒంగోలు వచ్చి కొనేవాళ్ల బోరు నీళ్లు ఎంత గట్టివో, ఫ్లోరైడ్ బాధ ఎంతో వేరే చెప్పాలా? మనుషులే క్యాన్ నీళ్లు తాగుతున్నచోట ఒరినోకో చేపకి బోరు నీళ్లు పడతాయనుకోవడం న్యాయం కాదు. మార్గం సులువే. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడమనండి. బోరు 900 చూపిస్తే, ఒక వంతు బోరు నీళ్లకి ఐదు వంతులు ఆర్ఓ నీళ్లు కలిపితే 200 లోపుకి దిగుతుంది. 50 లీటర్ల ట్యాంకుకి, వారం వారం పావు వంతు మార్చడానికి, ఇరవై లీటర్ల క్యాను ఒక్కటి సరిపోతుంది. అచ్చంగా ఆర్ఓ నీళ్లే పోయొద్దు. అందులో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు.

బాదం ఆకుల ప్యాకెట్లు మీరు అమ్మడం చూశాను. అమ్ముకోండి, కాదనను. కానీ మన వీధుల్లో బాదం చెట్టు లేని వీధి తక్కువ. రాలి ఎండిన ఆకు కడిగి వేస్తే అదే పని చేస్తుంది. ఒక సంగతి మాత్రం చెప్పి అమ్మండి: గట్టి నీళ్లలో ఎన్ని ఆకులేసినా నీళ్లు టీ రంగుకి వస్తాయి తప్ప పీహెచ్ దిగదు. ముందు ఆర్ఓ కలిపి నీళ్లు మెత్తబరిస్తేనే ఆకు పని చేస్తుంది. మైపాడు బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు ట్యాంకులో వేసుకునే అలవాటు మన పిల్లలకి ఉంది. అవి కరుగుతూ నీళ్లని రోజు రోజుకీ గట్టిపరుస్తాయి. పాలరాతి ముక్కలూ అంతే. నిమ్మరసం పిండితే బుడగలు వచ్చే ఏ రాయీ వీటి ట్యాంకులోకి పనికిరాదు. చీమకుర్తి గ్రానైట్ ముక్కైతే నిశ్చింతగా పెట్టొచ్చు, గుడ్లు పెట్టడానికి నున్నటి పలక రాయి రామ్‌లకి ఎంతో ఇష్టం. రంగు గులకరాళ్ల బదులు పెన్నా ఇసుక జల్లించి, కడిగి వేయమనండి. ఈ చేపలు ఇసుకని నోట్లోకి తీసుకుని జల్లించుకుంటూ తిండి వెతుక్కుంటాయి. పదునైన రాళ్లలో ఆ పని చేయలేవు.

ట్యాంకు, చేప ఒకేరోజు అమ్మడం ఆపండి. కొత్త ట్యాంకులో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. గప్పీ ఎలాగో నెట్టుకొస్తుంది, రామ్ నెట్టుకురాదు. మీ షాపులో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టరు ఒకటి పిండకుండా ఇచ్చి పంపితే ఆ కాలం బాగా తగ్గుతుంది. దానికి ఎంత తీసుకున్నా ఇచ్చేవాళ్లున్నారు.

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 32, 33 దాటతాయి. వెచ్చదనం ఇష్టమైన రామ్‌కి కూడా అది ఎక్కువే, వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. ఆ నెలల్లో గాలి పంపు ఆగకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజుల్లో కరెంటు పోతే గంటలు గంటలు రాదు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ట్యాంకుతో పాటే అంటగట్టండి. ఇలాంటివి అంటగడితే ఎవరూ తిట్టుకోరు. ఇంకోమాట, ఇంట్లో పిల్లలు తీసి మీకే అమ్మే కుర్రాళ్లు కొందరున్నారు. అపిస్టో గుడ్లు బాగా వేడి నీళ్లలో పెరిగితే మగవే ఎక్కువ పుడతాయి. వేసవి ఈతలో ఆడవి దొరకడం లేదని వాళ్ల మీద విసుక్కోకండి. పిల్లలకి మేత గురించి మన దగ్గర చింతే లేదు, రొయ్యల హ్యాచరీలకి వచ్చే ఆర్టీమియానే (కంటికి ఆనీ ఆననంత చిన్న ఉప్పునీటి జీవి) వీటికీ మొదటి తిండి.

మీ వైపు కష్టాలు నాకు తెలియనివి కావు. సంచి విప్పితే చచ్చినవి కొన్ని మీ ఖాతాలోకే పోతాయి. కరెంటు బిల్లు కమర్షియల్. మీరు ఒక జతే చాలంటే, కొనేవాడు పక్క షాపుకి వెళ్లి పది రకాలు పట్టుకుపోతాడు. అందుకే ఒక్కరికి రాయకుండా రెండూళ్ల షాపులకీ కలిపి రాస్తున్నాను. అందరూ ఒకే మాట మీద ఉంటే పక్క షాపు భయం ఉండదు. ఇంతకీ మీకు పోయేదేముంది? జత సిక్లిడ్లు, పది కార్డినళ్లు, ఇసుక, పలక రాయి, స్పాంజ్ ఫిల్టరు, టీడీఎస్ మీటరు, బ్యాటరీ పంపు. "రంగుకొకటి" అమ్మిన బిల్లు కంటే ఇది పెద్దది. పైగా నెలకి ట్యాంకు ఖాళీ అయినవాడు మళ్లీ చేపలు కొంటాడనుకోవడం పొరపాటు. ఎక్కువమంది ట్యాంకునే అటక మీద పడేస్తారు.

నేను కోరేది ఒక్కటే. ప్రతి ట్యాంకు అద్దం మీద తెలుగులో ఒక చీటీ. పేరు, పెరిగితే ఎంత సైజు, ఏ నీళ్లు, ఎంత పెద్ద ట్యాంకు, ఎవరితో పెట్టకూడదు. "ఎవరితో పెట్టొచ్చు" అన్నది మీరు నోటితో చెప్పొచ్చు, కూడనివి మాత్రం రాసే ఉండాలి. సరైన వివరాలు కావాలంటే ముత్తుకూరులో మత్స్య కళాశాల మన గుమ్మంలోనే ఉంది. అక్కడి విద్యార్థుల్ని అడిగితే ఒక ఆదివారం పని. తెలుగులో రాసే ఓపిక లేదంటారా, మా దగ్గర చేతిరాత బాగున్నవాళ్లున్నారు, అట్టలు, స్కెచ్ పెన్నులు మేమే తెచ్చుకుంటాం. ముందు రామ్ ట్యాంకుతో మొదలుపెడదాం:

"బ్లూ రామ్. రెండు, రెండున్నర అంగుళాలు. మెత్తటి నీళ్లు, 27–30 డిగ్రీలు. కనీసం రెండడుగుల ట్యాంకు, నెలన్నర పాతది. రెండడుగులకి ఒక జతే. సక్కర్, టైగర్ బార్బ్, ఏంజెల్, ఆఫ్రికన్ సిక్లిడ్లతో పెట్టకూడదు. బాగా చూసుకుంటే రెండు మూడేళ్లు బతుకుతుంది."

ఇట్లు,
నెల్లూరు నుంచి మీ పాత కస్టమర్ ఒకడు